దొరకలేదా, వెతకలేదా? టెస్ట్ హెల్పర్ల మీద ఒక కేస్ స్టడీ

ఈ కేసు నల్గొండ జిల్లాలోది. కంపెనీ పేరు, ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేశాను. టెస్టుల లెక్కలు మాత్రం అప్పుడు నోట్‌బుక్‌లో రాసుకున్నవే. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఉంది. దాన్ని దాస్తే ఈ కేసులో చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

నేపథ్యం

ఆరుగురి టీమ్. నలుగురు నల్గొండలో కూర్చుంటారు, ఇద్దరు పాలమూరులో ఇంటి నుంచే పని చేస్తారు. వాళ్లు తయారుచేసేది ఓవర్‌హెడ్ ట్యాంకుల దగ్గర గోడకు బిగించే గేట్‌వే పెట్టె. ట్యాంకులో నీళ్లు ఎంత మట్టంలో ఉన్నాయో, మోటారు నడుస్తోందో లేదో సెన్సర్ల నుంచి చదివి సర్వర్‌కు పంపుతుంది. పంచాయతీ ఆఫీసు నుంచి నెట్ కేబుల్ లాగగలిగిన చోట కేబుల్ మీద పంపుతుంది. కేబుల్ పోతే సిమ్ వేసిన మోడెమ్‌కు తనంతట తానే మారాలి.

ఇది మామూలు పెట్టెలా కనిపిస్తుంది గానీ, మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీళ్లు లేని చోట 1.5 వరకు ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. బోరు నీళ్లు ఆ గీత దాటిన ఊళ్లలో ట్యాంకు ఒక పూట ఖాళీగా ఉంటే జనం మళ్లీ ఆ బోరు దగ్గరికే పోతారు.

పెట్టెలో నడిచేది లినక్స్. టెస్టులు పైథాన్ భాషలో, టెస్టుల్ని నడిపించే పైటెస్ట్ అనే పనిముట్టుతో రాశారు. అన్ని టెస్టులూ ఆధారపడేది ఒకే ఒక్క హెల్పర్ ఫైల్ మీద, అంటే టెస్టులకు కావలసినవి ఉన్నాయో లేదో చూసిపెట్టే కోడ్ మీద. అందులో నాలుగు ఫంక్షన్లు: ఫలానా పేరుతో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ (కేబుల్ కార్డు, వైఫై, మోడెమ్ లాంటిది) ఉందా, అది పైకి లేచిందా, ఫలానా ఫైల్ ఎక్కడుంది, అన్నిటికంటే కొత్త లాగ్ (జరిగినదంతా రాసిపెట్టే ఫైల్) ఏది. రాసినాయన రెండేళ్ల కిందట వేరే ఉద్యోగానికి పోయాడు. ఆ తర్వాత ఆ ఫైల్‌ను పిలిచినవాళ్లే గానీ తెరిచి చదివినవాళ్లు లేరు.

సమస్య

ఏప్రిల్‌లో దేవరకొండ వైపు ఒక ఊళ్లో రోడ్డు పనివాళ్లు తవ్వుతుంటే కేబుల్ తెగింది. గేట్‌వే మోడెమ్‌కు మారలేదు. సర్వర్ స్క్రీన్ మీద పాత మట్టమే నిలిచిపోయింది, ట్యాంకు నిండుగానే ఉన్నట్టు కనిపించింది. తెల్లారి వాటర్‌మ్యాన్ పైకి ఎక్కి చూస్తే ఖాళీ.

టీమ్ లీడ్ నాకు ఫోన్ చేసినప్పుడు ఆమెకు అర్థం కానిది బగ్ కాదు. "కేబుల్ పీకితే మోడెమ్‌కు మారాలని టెస్ట్ ఉందన్నా. రోజూ నడుస్తది, బిల్డ్ రోజూ గ్రీనే ఉంటది. మరి ఎట్ల తప్పించుకున్నది?"

వెళ్లగానే కోడ్ అడగలేదు, రాత్రి నడిచిన బిల్డ్ (కోడంతా కూర్చి టెస్టులన్నీ నడిపే పని) రిపోర్టు అడిగాను. మొత్తం 212 టెస్టులు. 171 పాస్. 41 స్కిప్, అంటే నడపకుండా దాటేసినవి. ఫెయిల్ ఒక్కటీ లేదు. ఆ 41లో కేబుల్ పీకే టెస్ట్ కూడా ఉంది.

టీమ్‌లో ఎవరూ స్కిప్ అంకె చూడరు. వాళ్లను తప్పు పట్టలేం. పైటెస్ట్ అన్ని టెస్టుల్నీ దాటేసినా చివరికి సున్నా తిరిగిస్తుంది, అంటే బిల్డ్ సాఫీగా అయినట్టే లెక్క. ఎందుకు దాటేసిందో తెలియాలంటే ‘మైనస్ ఆర్ఎస్’ అని ఆప్షన్ ఇవ్వాలి. ఇచ్చి నడిపిస్తే 26 టెస్టులకు "ఇంటర్‌ఫేస్ లేదు" అని, 15 టెస్టులకు "ఫైల్ లేదు" అని వచ్చింది.

ఇంటర్‌ఫేస్ నిజంగానే లేదా? బిల్డ్ మిషన్ నా కళ్ల ముందే ఉంది, వెనకాల కేబుల్ గుచ్చి ఉంది, లైట్ మిణుకుతోంది. హెల్పర్ తెరిచి చూశాను. ఇంటర్‌ఫేస్‌లను చూపించే ఇఫ్‌కాన్ఫిగ్ అనే కమాండ్ నడిపించి, వచ్చిన అక్షరాల్లో ‘ఎత్0’ అనే పేరు కోసం వెతుకుతోంది. దాని చుట్టూ ఒక ట్రై-ఎక్సెప్ట్: ఏ ఎర్రర్ వచ్చినా ‘లేదు’ అని తిరిగిస్తుంది.

సంక్రాంతికి ముందు పాత డెస్క్‌టాప్ తీసేసి కొత్త మిషన్ పెట్టారట. ఉబుంటు అనే లినక్స్ రకం కొత్త వెర్షన్లలో, 18.04 నుంచే, ఇఫ్‌కాన్ఫిగ్ ముందుగా ఇన్‌స్టాల్ అయి రాదు. కమాండే లేదు కాబట్టి ఎర్రర్. ఎర్రర్ వచ్చింది కాబట్టి ‘లేదు’. ‘లేదు’ కాబట్టి స్కిప్. కమాండ్ ఉన్నా ఫలితం అదే అయ్యేది, ఎందుకంటే 2013లో, లినక్స్‌లో సేవలన్నీ నడిపే సిస్టమ్‌డీ 197వ వెర్షన్ నుంచి కార్డు ఏ స్లాట్‌లో ఉందో దాన్ని బట్టి పేర్లు వస్తున్నాయి. ఈ మిషన్‌లో దాని పేరు ‘ఈఎన్‌పీ3ఎస్0’.

అంటే మూడు నెలలుగా ఆ హెల్పర్ చూడనే లేదు, చూసి లేదన్నట్టు చెప్పింది.

నేను కోడ్ ముట్టుకునేలోపే టీమ్ చేసినది

స్కిప్‌ల సంగతి ఫోన్‌లో చెప్పగానే పాలమూరు కుర్రాడొకడు ఇఫ్‌కాన్ఫిగ్ ఉన్న ప్యాకేజీ వేసి, బూట్ అయ్యేటప్పుడు పాత పేర్లే వచ్చేలా కర్నెల్‌కు, అంటే లినక్స్ గుండెకాయకు, సెట్టింగ్ పెట్టాడు. స్కిప్‌లు 41 నుంచి 30కి దిగాయి. వద్దన్నాను, అతనికి కాస్త కష్టమనిపించింది.

వద్దనడానికి కారణం ఇది. ఆ మిషన్‌లో రెండు కార్డులున్నాయి. పాత పద్ధతిలో ముందుగా దొరికిన కార్డు ఎత్0, తర్వాతది ఎత్1. రీబూట్ అయినప్పుడల్లా అదే వరస వస్తుందని హామీ లేదు. అసలు కొత్త పేర్ల పద్ధతి పుట్టిందే అందుకు. పైగా ఆ కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది వైఫై ఒక్కటే. అక్కడ ఎత్0 ఎప్పటికీ రాదు. హెల్పర్ తప్పు ప్రశ్న అడుగుతుంటే, దానికి సరైన జవాబు వచ్చేలా మిషన్లను మారుస్తూ పోవడం అవుతుంది.

నా మొదటి ప్రయత్నం, అది ఎందుకు చెడింది

కమాండ్లు వద్దు, కర్నెల్ చెప్పేదే నేరుగా చదువుదాం అనుకున్నాను. ‘సిస్’ కింద ‘క్లాస్’, దాని కింద ‘నెట్’ డైరెక్టరీలో ప్రతి ఇంటర్‌ఫేస్‌కూ ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో ‘ఆపర్‌స్టేట్’ అనే చిన్న ఫైల్. దాన్ని చదివి ‘అప్’ అని ఉంటే ఇంటర్‌ఫేస్ లేచినట్టు, లేకపోతే లేనట్టు. పది లైన్లలో అయిపోయింది. చూడటానికి ముచ్చటగా ఉంది. స్కిప్‌లు 21కి దిగాయి. సాయంత్రం క్లాక్ టవర్ దగ్గర అందరం చాయ్ తాగాం, పని సగం అయిందనుకున్నాం.

మర్నాడు చూస్తే కేబుల్ పీకే టెస్టు ఇంకా స్కిప్‌లోనే ఉంది. కారణం: "మోడెమ్ ఇంటర్‌ఫేస్ లేవలేదు." మోడెమ్ పని చేస్తోంది, దాని మీద పింగ్ (అవతలి మిషన్ పలుకుతోందా అని పంపే చిన్న సందేశం) పోతోంది. ఆపర్‌స్టేట్ తెరిస్తే ‘అన్‌నోన్’ అని ఉంది.

ఆ ఫైల్‌లో అప్, డౌన్ రెండే ఉండవు. డార్మెంట్, లోయర్‌లేయర్‌డౌన్, నాట్‌ప్రెజెంట్, టెస్టింగ్, అన్‌నోన్ కూడా ఉన్నాయి. పీపీపీ అనే నేరు కనెక్షన్ పద్ధతి మీద నడిచే మోడెమ్ ‘అన్‌నోన్’ అంటుంది. మిషన్ తనతో తానే మాట్లాడుకోవడానికి ప్రతి మిషన్‌లో ఉండే లూప్‌బ్యాక్ కూడా అంతే. ప్రతి డ్రైవరూ తన స్థితిని చెప్పదు కాబట్టి ‘అన్‌నోన్’ను డేటా పంపడానికి పనికొచ్చేదిగానే చూడాలని కర్నెల్ డాక్యుమెంటేషన్‌లో రాసి ఉంది. నేను అది చదవకుండానే రాశాను.

వెంటనే ఇంకో తొందరపాటు పని చేశాను: ‘డౌన్’ కాకపోతే లేచినట్టే అని మార్చాను. దాంతో వీలాన్ లాంటి, మరో ఇంటర్‌ఫేస్ మీద నడిచే ఇంటర్‌ఫేస్‌కు కిందిది చచ్చినా ‘లోయర్‌లేయర్‌డౌన్’ కాబట్టి లేచినట్టే అయింది. కేబుల్ ఉండి డీహెచ్‌సీపీ (నెట్ అడ్రస్‌లు పంచే సేవ) నుంచి అడ్రస్ రాకపోయినా లేచినట్టే. టెస్టులు ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్. మూడో రోజు లీడ్ మొహమాటపడుతూనే అడిగింది: "అన్నా, ఇంతకుముందు స్కిప్ అయినా ఒక్క తీరుగ అయ్యేటియి కదా?"

ఆమె అన్నది నిజమే. అప్పుడు కోడ్ మూసేసి కాగితం తీశాను.

ప్రశ్నను విడదీయడం

‘ఇంటర్‌ఫేస్ లేచిందా’ అని మనం ఒక్క మాటలో అడిగేస్తాం గానీ అందులో ఐదు ప్రశ్నలున్నాయి. ఆ పేరుతో ఇంటర్‌ఫేస్ ఉందా? దాన్ని ఎవరైనా ఆన్ చేశారా? అవతలి వైపు సిగ్నల్ ఉందా? దానికి అడ్రస్ వచ్చిందా? మనకు కావలసిన చోటికి దాని మీద దారి ఉందా? ఒక దానికి అవును అన్నంత మాత్రాన మరొకటి అవును కాదు. కేబుల్ గుచ్చి ఉండి 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే డీహెచ్‌సీపీ పలకలేదని అర్థం. మొదటి నాలుగింటికీ అవును అనే వస్తుంది, పని మాత్రం జరగదు.

ఏ టెస్టుకు ఏ ప్రశ్న కావాలో ఒక్కొక్కటీ చూశాం. రెండు గంటలు పట్టింది. మొత్తం పనిలో అన్నిటికంటే విసుగు పుట్టించిన భాగం, అన్నిటికంటే పనికొచ్చిన భాగం కూడా అదే. 26 టెస్టుల్లో 17 టెస్టులకు ఇంటర్‌ఫేస్ పేరుతో పనే లేదు. వాటికి కావలసింది ‘ఈ అడ్రస్‌కు దారి ఉందా’ అన్నది ఒక్కటే. దానికి యూడీపీ సాకెట్ (ప్రోగ్రాము నెట్‌లోకి డేటా పంపే ఒక రకం తలుపు) తెరిచి ఆ అడ్రస్‌కు కనెక్ట్ చేసి, మన వైపు ఏ అడ్రస్ ఎంచుకుందో అడిగితే చాలు. యూడీపీలో కనెక్ట్ అంటే కర్నెల్ దారి వెతికి పెట్టుకోవడమే. ఒక్క ప్యాకెట్ కూడా బయటికి పోదు. దారి లేకపోతే ఎర్రర్ వస్తుంది.

ఐపీవీ6 (కొత్త రకం నెట్ అడ్రస్‌ల పద్ధతి) టెస్టులు మూడు ఉన్నాయి, వాటి కథ పొట్టిది. పైథాన్‌లోని ‘హ్యాజ్ ఐపీవీ6’ అనే విలువను నమ్మారు. అది చెప్పేది పైథాన్‌ను ఐపీవీ6తో కలిపి తయారుచేశారా లేదా అని మాత్రమే. మిషన్‌లో అది ఆన్‌లో ఉందో లేదో దానికి తెలియదు. లూప్‌బ్యాక్ అడ్రస్‌కు నిజంగా బైండ్ చేసి, అంటే ఆ అడ్రస్ పట్టుకుని, చూసేలా మార్చాం.

మిగిలిన ఆరు టెస్టులు కేబుల్ పీకే రకం. ఇక్కడ నాకూ లీడ్‌కూ వాదన జరిగింది. బిల్డ్ మిషన్‌కు నిజమైన మోడెమ్ తగిలించి పెడదామని ఆమె. సిమ్ బ్యాలెన్స్ అయిపోయిన రోజు బిల్డ్ ఎర్రబడుతుంది, నాలుగు సార్లు అలా అయ్యాక మళ్లీ ఎవరో స్కిప్ పెడతారని నేను. చివరికి టెస్టే తనకు కావలసిన నెట్‌వర్క్‌ను తయారుచేసుకోవాలని తేల్చాం. లినక్స్‌లో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ తెరిస్తే అది ఖాళీ గదిలాంటిది, మిషన్‌లోని అసలు కార్డులు అందులో కనబడవు. అందులో వీ-ఎత్ జత (ఒకదానికొకటి కలిసిన రెండు ఊహా కార్డులు) పెట్టి దాన్ని కేబుల్ అనుకున్నాం. అవతలి కొసను డౌన్ చేస్తే కేబుల్ పీకినట్టే, ఇవతలి కొస ‘లోయర్‌లేయర్‌డౌన్’ అంటుంది. మోడెమ్ స్థానంలో డమ్మీ అనే రకం ఇంటర్‌ఫేస్ పెట్టాం. ఆన్ చేశాక అది ‘అన్‌నోన్’ అనే చెబుతుంది, అచ్చం పీపీపీ లాగే.

టెస్టు మొదటిసారి నడిచింది. ఫెయిలైంది.

ప్రోడక్ట్ కోడ్ తెరిస్తే, కేబుల్ పోయినప్పుడు ఇంకో దారి కోసం వెతికే చోట ఆపర్‌స్టేట్ ‘అప్’ అని ఉన్న ఇంటర్‌ఫేస్‌లనే లెక్కలోకి తీసుకుంటోంది. పాత బ్యాచ్ మోడెములు ఎథర్నెట్ కార్డులా కనిపించి ‘అప్’ అనేవి, కాబట్టి పని జరిగింది. కొత్త బ్యాచ్ పీపీపీ, అందుకే ‘అన్‌నోన్’, అందుకే మారలేదు. నేను మొదటి రోజు రాసిన హెల్పర్‌లో ఉన్నది సరిగ్గా అదే తప్పు. అంటే బగ్ బయటపడాల్సిన పరిస్థితి వచ్చిన ప్రతిసారీ నా హెల్పర్ "మోడెమ్ లేవలేదు" అని టెస్టును పక్కన కూర్చోబెట్టేది. ప్రోడక్ట్ ఏ కళ్లతో చూస్తుందో టెస్టూ ఆ కళ్లతోనే చూసింది. ఆ చాయ్ ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది.

ఫైళ్ల సంగతి

మిగిలిన 15 స్కిప్‌లు ఫైళ్లవి. ఇందులో రెండు రకాలు మామూలువే. పాత హెల్పర్ ప్రస్తుతం ఏ ఫోల్డర్‌లో నిలబడ్డామో అక్కడి నుంచి వెతికేది, కాబట్టి ప్రాజెక్టు పై ఫోల్డర్ నుంచి నడిపిస్తే ఒక ఫలితం, టెస్టుల ఫోల్డర్ నుంచి నడిపిస్తే ఇంకో ఫలితం. ‘అన్నిటికంటే కొత్త లాగ్’ హెల్పర్ ఫైల్ మారిన సమయం చూసేది. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ ఆ సమయాన్ని గుర్తుపెట్టుకోదు, చెకౌట్ చేసిన (ఫైళ్లను బయటికి తీసిన) క్షణమే అన్ని ఫైళ్లకూ పడుతుంది. కాబట్టి నమూనా లాగుల్లో కొత్తది ఏదంటే లాటరీ తీసినట్టే. టెస్టు ఫైల్ ఉన్న చోటు నుంచి దారి కట్టడం, లాగ్ పేరులోని తేదీతో వరస పెట్టడం, ఈ రెండింటితో పదకొండు తేలిపోయాయి.

నాలుగు మొండికేశాయి. ఫోల్డర్‌లో ఫైల్ కనిపిస్తోంది, హెల్పర్ లేదంటోంది. ఒక్కో ట్యాంకు కొలతల ఫైల్‌కు ఊరి పేరు తెలుగులో పెట్టారు. ఫైల్ పేరు, టెస్టులో రాసిన పేరు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా లేదు. అక్షరాలు లెక్కపెట్టిస్తే దొరికింది. ‘మహబూబ్‌నగర్’ అని టైప్ చేసేటప్పుడు బ్, న కలిసిపోయి ఒత్తు పడకుండా మధ్యలో కనబడని ఒక గుర్తు వేస్తాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొన్ని కీబోర్డులు, కొందరి అలవాట్లు చివరి ‘ర్’ తర్వాత కూడా దాన్ని పడేస్తాయి. మధ్యలో ఉంటే కంటికి తేడా తెలుస్తుంది. చివర ఉంటే ఎవరికీ తెలియదు. కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేరు పేర్లు.

నాలుగోది ఇంకా చిత్రం. చౌటుప్పల్‌లో 2015లో కట్టిన మిషన్ భగీరథ పైలాన్ దగ్గరి డెమో ఫైల్ అది, పేరు ‘పైలాన్’. అక్షరాలకు కోడ్‌లు ఇచ్చే యూనికోడ్‌లో ‘ఐ’ గుర్తును ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. రెండూ సమానమని యూనికోడే చెబుతుంది. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడదీసి దాచేది. ఆ ఫైల్ ఒకప్పుడు డిజైనర్ పాత మ్యాక్ నుంచి జిప్‌లో వచ్చింది. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ బైట్లనే పోల్చుతుంది, సమానత్వం సంగతి దానికి పట్టదు.

ఫైళ్లకు తెలుగు పేర్లు మానేసి, ఊళ్లకు కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ఇచ్చిన కోడ్ నంబర్లు పెడదామన్నాను. టెస్టు రాసేవాడిగా నాకు అదే శుభ్రం. లీడ్ ఒప్పుకోలేదు: "ట్యాంకు మీదికెక్కినాయన ఫోన్‌లో ఊరి పేరు చూడాలన్నా. నంబర్ జూసి తప్పు ఫైల్ ఎక్కిస్తే ఏం జేస్తం?" ఆమె వాదన బలమైనది. తెలుగు పేర్లే ఉంచాం. పోల్చేటప్పుడు మాత్రం రెండు వైపులా పేరును ఎన్ఎఫ్‌సీ (విడిపోయిన గుర్తులను కలిపి రాసే యూనికోడ్ పద్ధతి) రూపంలోకి తెచ్చి, ఆ కనబడని గుర్తును తీసేసి చూస్తాం. ఎన్ఎఫ్‌సీ ఒక్కటే చాలదు, అది ‘ఐ’ని కలుపుతుంది గానీ నాన్ జాయినర్‌ను ముట్టుకోదు. డిస్క్ మీది పేరును మార్చం. అలా పోల్చినప్పుడు రెండు ఫైళ్లు ఒకే పేరుకు వస్తే మొదటిది తీసుకుని పోకుండా, రెండూ చూపించి ఆగిపోతుంది.

పని చేసినది

కొత్త హెల్పర్లన్నిటికీ పెట్టిన నియమం ఇది: జవాబులు మూడు. ఉంది, లేదు, చూడలేకపోయాను. మూడోది ఎప్పుడూ ఎర్రర్‌గానే పైకి వస్తుంది, దాన్ని ‘లేదు’గా మార్చే హక్కు హెల్పర్‌కు లేదు. ఫైల్ దొరకకపోతే ఎక్కడ వెతికిందో, అక్కడ ఏమేం ఉన్నాయో కూడా చెప్పాలి. ఈ ఒక్క మార్పుతో ‘నా ల్యాప్‌టాప్‌లో ఫెయిల్ అయితుంది’ అనే ఫోన్లు చాలా తగ్గాయని పాలమూరు కుర్రాడు చెప్పాడు.

స్కిప్‌ను పూర్తిగా తీసేయలేదు. ల్యాప్‌టాప్‌లో నేమ్‌స్పేస్ తెరిచే అనుమతి ఉండకపోవచ్చు, అక్కడ స్కిప్ న్యాయమే. బిల్డ్ మిషన్‌లో మాత్రం ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాములు చదువుకునే సెట్టింగ్) పెట్టాం: ఈ మిషన్‌లో నేమ్‌స్పేస్, ఐపీవీ6, నమూనా ఫైళ్లు ఉండి తీరాలి. అది ఉన్న చోట స్కిప్ అవ్వాల్సిన టెస్టు ఫెయిల్ అవుతుంది.

అలా నడిపిన మొదటి రోజు 41లో 12 ఫెయిలయ్యాయి. తొమ్మిది టెస్టుల సొంత లోపాలే. మూడు అసలు బగ్‌లు. ఒకటి పైన చెప్పిన మోడెమ్‌ది, మిగతా రెండూ చిన్నవి, ఇంకా ఫీల్డ్‌లో ఎవరికీ తగల్లేదు.

హెల్పర్లకు కూడా టెస్టులు రాశాం. సిస్ డైరెక్టరీ దారిని హెల్పర్‌కు బయటి నుంచి ఇచ్చేలా మార్చి, తాత్కాలిక ఫోల్డర్‌లో దొంగ ఇంటర్‌ఫేస్‌లు తయారుచేశాం. ఇందులోనూ ఒకటి జారిపోయింది. మా దొంగ ఫోల్డర్‌లో, సిగ్నల్ ఉందో లేదో చెప్పే ‘క్యారియర్’ ఫైల్ చదివితే సున్నా వచ్చేది. ఆన్ చేయని అసలు ఇంటర్‌ఫేస్ మీద దాన్ని చదివితే కర్నెల్ సున్నా ఇవ్వదు, ‘ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్’ అని ఎర్రర్ ఇస్తుంది. నేమ్‌స్పేస్ టెస్టు నడిచాకే అది పట్టుబడింది. దొంగ ఫోల్డర్ వేగంగా నడుస్తుంది కాబట్టి ఉంచాం, కానీ దాన్ని మాత్రమే నమ్మడం మానేశాం.

మళ్లీ చేస్తే

హెల్పర్ తిరగరాయడం కంటే ముందు స్కిప్‌లను ఫెయిల్‌గా మార్చేవాణ్ని. మొదటి రోజే అలా చేసి ఉంటే నా ‘ముచ్చటైన’ పది లైన్లు సాయంత్రం దాకా బతికేవి కావు. ప్రశ్నల కాగితం కూడా మూడో రోజు కాదు, మొదటి గంటలోనే తీసేవాణ్ని. పాలమూరు కుర్రాడి సవరణను వద్దన్న తీరు కూడా మార్చుకునేవాణ్ని. అతను చేసింది తాత్కాలికమే, కానీ ఆ రాత్రికి పదకొండు టెస్టులు నిజంగా నడిచాయి. నా మొదటి కోడ్ అతని దానికంటే తొమ్మిదే ఎక్కువ నడిపింది, వాటిలో కొన్ని అబద్ధాలు.

సవరించిన సాఫ్ట్‌వేర్ ఆ ఊరి పెట్టెకు పంపిన రోజు వాటర్‌మ్యాన్‌కు ఫోన్ చేసి కేబుల్ పీకమన్నాం. స్పీకర్ ఆన్‌లో ఉంది, అందరం స్క్రీన్ ముందు నిలబడ్డాం. "పీకిన సార్." సర్వర్ స్క్రీన్ మీద ఏమీ కదల్లేదు. తర్వాత మట్టం అంకె మారింది, పక్కన మోడెమ్ గుర్తు వచ్చింది.

"ఇగ పెట్టాల్నా సార్?" అన్నాడు.

ఒక గంట అట్లనే ఉండనియ్యమని చెప్పాం.